నీప్ ఎక్కడ పుట్టింది?

మా ఆయనకు తెలియనిది లేదు. ఈ మాట నాది కాదు, మా అత్తగారిది. ఇంగ్లీషు మాటలు ఎక్కడ పుట్టాయో రాయడం నిఘంటువు ఆఫీసులో ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళ కాపురంలో "తెలియదు" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. కరెంటు ఎందుకు పోయిందన్నా, పాలు ఎందుకు విరిగాయన్నా ఏదో ఒక కారణం చెప్పేస్తారు. తప్పయినా సరే, చెప్పడం మాత్రం ఖాయం.

అలాంటి మనిషి ఒక్క మాట దగ్గర మూడు వారాలుగా చతికిలబడ్డారు. సముద్రపు ఆటుపోట్లను చెప్పే 'టైడ్' అన్న మాటకు ఒకప్పుడు కాలం అని అర్థమట. దాన్ని చిటికెలో తేల్చేశారు. దానికి జతగా వాడే 'నీప్' మాత్రం కొరకరాని కొయ్య అయింది. సగం చంద్రుడున్న రోజుల్లో నీళ్ళు పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు. ఆ మందకొడి పోటుకు పేరు నీప్. రేవులో నీటిమట్టం కొలిచి రాసేదాన్ని ఇంట్లోనే ఉన్నాను కదా, నన్నడిగితే ఏం పోయింది? అడగలేదు. అర్థం పుస్తకాల్లో చూసుకున్నారు. పుట్టుక ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ రోజు నాలుగింటికి ప్రెస్సు మనిషి వస్తాడు. నీప్ పుట్టుక రాసిన కార్డు అతనికి ఇవ్వకపోతే నిఘంటువు పేజీ ఆగిపోతుంది. మూడున్నరకు ఆయన మొహం వెలిగింది.

"దొరికింది! న్యాప్ అంటే కునుకు. సముద్రం కునుకు తీస్తోందని అలా అన్నారు."

"ఏ పుస్తకంలో దొరికింది?"

"నా బుర్రలో."

"వాడి బుర్రే బుర్ర!" అన్నారు అత్తగారు, బఠాణీలు ఒలుస్తూ.

నాకు ఒళ్ళు మండింది. సంచిలోంచి నేను రేవులో కొలతలు రాసే పుస్తకం తీసి ఆయన ముందు పడేశాను.

"మంగళవారం పేజీ చూడండి. పొగమంచుకు కొలకర్ర కనిపించలేదు. ఏం రాశానో చదవండి."

"కనబడలేదు," అని చదివారు.

"అంచనాగా ఓ అంకె వేయడం నాకు చేతకాకనా? దాన్ని నమ్మి ఎవరో పడవ తెస్తారు, బురదలో కూరుకుపోతుంది. మీ కునుకునూ ఎవరో ఒకరు నమ్ముతారు."

ఆయన కలం కింద పెట్టారు. తర్వాత చిన్న గొంతుతో, "తెలియదని రాస్తే ఇక నేనెందుకే?" అన్నారు.

నా కోపం ఎటు పోయిందో పోయింది. పాపం అనిపించింది.

"కనబడలేదని రాసినందుకు నన్నెవరూ ఉద్యోగంలోంచి తీసేయలేదండీ," అన్నాను.

ఆయన కార్డు మీద రాసుకున్న 'కునుకు'ను కొట్టేసి 'పుట్టుక తెలియదు' అని రాశారు. ఆ రెండు మాటలకు పది నిమిషాలు పట్టింది. ప్రెస్సు మనిషి కార్డు చదివి, "సరే సార్," అని పట్టుకుపోయాడు. ఇల్లేమీ కూలలేదు.

"వాడికి తెలుసు. చెప్పడు, అంతే," అన్నారు అత్తగారు.

సాయంత్రం కొలతకని నేను చెప్పులు వేసుకుంటుంటే ఆయన గుమ్మం దాకా వచ్చారు. కాసేపు నసిగారు.

"ఇప్పుడు నీళ్ళు ఎక్కుతున్నాయా, దిగుతున్నాయా?"

ఇరవై రెండేళ్ళలో ఆయన తెలియక నన్నడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు నాకు తెలుసు.

"పదండి, చూద్దాం," అన్నాను.