ఎనిమిదో భాగం

రసాయనాల ఫ్యాక్టరీలో ట్యాంకు కడగడానికి దిగిన కుర్రాడు, అందరూ పొడుగాడని పిలిచేవాడు, అందులోనే ఊపిరాడక చనిపోయాడు. శవం ఇంకా ఆస్పత్రి నుంచి రానేలేదు, ఫ్యాక్టరీ గేటుకి నోటీసు అంటించేశారు. "శిక్షణ పొందిన కార్మికుడే. సొంత నిర్లక్ష్యం వల్ల మరణించాడు." పక్కనే అతని మార్కుల కాగితం. రసాయన భద్రతా పత్రాల పరీక్షలో వందకి తొంభై ఎనిమిది.

ఆ మార్కులు వేసి సంతకం పెట్టింది నేను. శిక్షణ కేంద్రంలో ఆ పాఠం చెప్పేది నేనే. జనంలో ఎవరైనా నన్ను గుర్తుపడతారేమోనని తల దించుకుని జారుకున్నాను. సిగ్గుమాలి చెబుతున్నాననుకోకండి, సిగ్గుతోనే చెబుతున్నాను.

మర్నాడు వాడి అక్క నా తరగతి గదికి వచ్చింది. ఆమెదీ అదే ఫ్యాక్టరీ, ప్యాకింగ్ పని. వెనక పదిహేను మంది కార్మికులు. విద్యార్థులు బెంచీల మీద సర్దుకుని చోటిచ్చారు. ట్యాంకులో వాడే ద్రావకంతో ఏ ప్రమాదముందో, ఏ జాగ్రత్తలు కావాలో చెప్పే భద్రతా పత్రాన్ని ఆమె నా బల్ల మీద పరిచింది.

"ఇందులో పదహారు భాగాలంట. మావాడు అన్నీ పద్యంలా అప్పజెప్పేవాడు. ఎనిమిదోది మాత్రం రాదనేవాడు. ఎందుకు రాలేదు సారూ?"

పత్రం వైపే చూస్తూ చెప్పాను. "అది పరీక్షలో రాదమ్మా. వదిలేయమన్నాను."

"ఎందుకు రాదు సార్?" ముందు బెంచీ అమ్మాయి లేచింది.

ప్రశ్నపత్రం తయారుచేసేది ఆ ఫ్యాక్టరీ మేనేజరే. ఏటా మా విద్యార్థులకి ఉద్యోగాలిచ్చేదీ ఆయనే. "పనివాడు ఎలా ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలో నేర్పాను. యజమాని ఏమివ్వాలో చెప్పే ఎనిమిదో భాగం నేర్పలేదు" అన్నాను.

"ఇప్పుడు చదవండి" అంది అక్క.

చదివాను. ట్యాంకులోకి దిగేవారికి బయటి నుంచి గొట్టంతో గాలి అందే మాస్కు ఉండాలి. గుడ్డ మాస్కు పనికిరాదు.

"వాడి మూతికి గుడ్డే కట్టి దింపారు" అన్నాడు ముసలి ఫిట్టరు. "సోమవారం నా వంతు."

గది అట్టుడికినట్టు ఉడికిపోయింది. "ఆయనతో గొడవపడితే రేపు మాకు ఉద్యోగాలెవరిస్తారు?" అన్నాడో విద్యార్థి.

"మావాడికీ ఇచ్చాడుగా నాయనా" అంది అక్క.

ఆ రోజు నుంచి షిఫ్టు దిగగానే అందరూ నా తరగతి గదికే వచ్చేవారు. ఒక లైను కార్మికుడు, ఒక లైను విద్యార్థి చదివేవారు. అర్థంకాని మాటకి మాత్రం నన్ను పిలిచేవారు. మిగతా సేపంతా గోడకి ఆనుకుని నిలబడేవాణ్ణి.

సోమవారం విద్యార్థులు కూడా ట్యాంకు దగ్గరికి వెళ్ళారు. వాళ్ళ వెనకే నేనూ వెళ్ళాను. "భద్రతా పత్రం చదివి అర్థం చేసుకున్నాను" అని అచ్చేసిన కాగితాన్ని మేనేజరు ఫిట్టరు ముందు పెట్టాడు.

"చదివానయ్యా. అర్థమైంది కూడా. అందుకే దిగను."

పెన్ను చేతులు మారింది. నలభై మంది కార్మికుల దగ్గరికి వెళ్ళింది. ఒక్క సంతకమూ పడలేదు.

మేనేజరు ఫోను చేస్తే పోలీసులొచ్చారు. "వీళ్ళకి ఇవన్నీ ఎక్కించిందెవడ్రా?" అధికారి అరిచాడు.

ఎక్కడలేని ధైర్యం వచ్చింది నాకు. "నేనే నేర్పాను" అన్నాను.

"అబద్ధం" అంది అక్క, నావైపు చూడనైనా చూడకుండా. "ఈయన నేర్పలేదు. మేమే నేర్చుకున్నాం."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆమె అన్నదాంట్లో అక్షరం కూడా తప్పు లేదు.

"మేమంటే ఎవరెవరు? పేర్లు చెప్పు!"

ఆమె నడుచుకుంటూ వెళ్ళి పోలీసు వ్యానెక్కింది. వెనకే ఫిట్టరు, ముందు బెంచీ అమ్మాయి, ఉద్యోగాలెవరిస్తారన్న కుర్రాడు. వ్యాను నిండిపోయినా జనం ఎక్కుతూనే ఉన్నారు. "ఇంక చోటు లేదు, దిగండి" అని పోలీసులే బతిమాలారు. ఎవరూ దిగలేదు. నేను వెళ్ళి వరసలో చివర నిలబడ్డాను.