కాళ్లు కనపడని నీళ్ల ట్యాంకు

మా కోడలి ఉద్యోగం ఆకాశంలోంచి కిందికి చూడటం. పైనున్న ఉపగ్రహం పది నిమిషాలకొక ఫొటో పంపుతుంది. దుమ్ము ఎటు పోతోంది, అడవి తగలబడితే పొగ ఎటు మళ్లుతోంది అని అందులో చూసి, ఆయా ఊళ్లకు ముందే చెప్పాలి. వారానికి రెండు రోజులు ఇంట్లోనే, భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని చేస్తుంది. మొదట్లో ఆ తెర మీద మరక చూసి నేను తడిగుడ్డతో రుద్దాను. "అది పోదు అత్తయ్యా, మూడొందల కిలోమీటర్ల పొడుగుంది" అంది నవ్వు ఆపుకుంటూ. ఆ మాట మా అబ్బాయి ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంటాడు.

ఆ శనివారం మా మనవరాలి పరుగుపందెం. పదకొండేళ్లది, ఇంట్లో అందరం బొంగరం అంటాం. ఆ పందెం కోసం ఏడాదిగా రోజూ పొద్దున్నే లేచి పరిగెత్తింది. తండ్రీ కూతుళ్లు తెల్లారగానే పట్నం బస్సెక్కారు. పందెం పదకొండింటికి.

ఎనిమిదిన్నరకు తెర మీద మరక కనిపించింది, పట్నం వైపే జరుగుతూ. ఎండాకాలం బీడు నేలల్లోంచి లేచే దుమ్మే అనుకున్నాను. ఫోన్లో వాళ్ల అధికారీ అదే అన్నాడట. పోయిన నెల మేఘం నీడను చూసి పొగ అని జనాన్ని బెదరగొట్టావు, మళ్లీ నవ్వులపాలు చేయకు అని కూడా అన్నాడట.

కోడలు, ఉపగ్రహం వేడిని చూసే కంటితో తీసిన ఫొటో పక్కన తెరిచింది. అందులో దుమ్ము గులాబీ రంగులో కనిపిస్తుంది. పొగైతే దాదాపు కనిపించదు. మామూలు ఫొటోలో మరక నా చేయంత పొడుగుంది. ఇందులో గులాబీ రంగు మోచేతి దాకానే ఉంది.

"ఇక్కడ మాయమైందే, అదీ పొగ" అంది. రెండు రోజులుగా కొండల్లో అడవి కాలుతోంది.

అయితే పొగ ఎత్తున పోతోందో, నేల మీద పాకుతోందో ఆ ఫొటో చెప్పదు. ఎత్తున పోతే పిల్లలు హాయిగా పరిగెత్తవచ్చు. అందుకే కోడలి దగ్గర ఒక నోటుబుక్కుంది. ప్రతి ఊళ్లో రోజంతా ఆరుబయట పనిచేసే మనిషి నంబరు ఒకటి అందులో ఉంటుంది. పట్నానికి ఇవతల, పొగ అప్పుడే చేరిన ఊళ్లో, ఇస్త్రీ చేసే ఆవిడకు ఫోన్ కలిపింది.

"అక్కా, నీళ్ల ట్యాంకు కనపడుతోందా?"

"పైన కనపడుతోందమ్మా. కాళ్లే కనపడట్లేదు."

"బట్టల మీద దుమ్ము పడుతోందా?"

"దులిపితే ఏం రాలట్లేదు. పొయ్యి మీద ఆరేసినట్టు ఒకటే వాసన. మాడ్చేశావని నా మీద పడతారిక."

"నేల మీదే పాకుతోంది" అని కోడలు ఫోన్ పెట్టేసింది. హెచ్చరిక పంపితే ముందు ఆగేది బొంగరం పందెమే. తీరా పొగ రాకపోతే ఆఫీసులోనూ, ఇంట్లోనూ తలెత్తుకోలేదు.

"అది నాతో మాట్లాడదు అత్తయ్యా."

"రెండు రోజులు మాట్లాడదు. తర్వాత ఆకలేస్తుంది" అన్నాను.

తొమ్మిదిన్నరకు హెచ్చరిక కింద తన పేరు పెట్టి పంపేసింది. పదకొండు కాకముందే అబ్బాయి ఫోన్ చేశాడు. మైదానం ఈ చివర నుంచి ఆ చివర కనపడట్లేదట, పిల్లలందరినీ లోపల కూర్చోబెట్టి తలుపులు వేశారట. అధికారీ ఫోన్ చేశాడు. ఏమన్నాడో చెప్పలేదు గానీ, కోడలు ఆ మధ్యాహ్నం ఇంకాస్త అన్నం వడ్డించుకుంది.

బొంగరం సాయంత్రం వచ్చి బూట్లు మూలకు విసిరేసింది. కోడలు బతిమాలలేదు. పొద్దుటి ఫొటోలన్నీ వరసగా తెర మీద ఆడించింది. మూలన ఉన్న గంటలూ నిమిషాలూ నేను పైకి చదివాను. పిల్ల చూడనట్టే చూస్తూ దగ్గరికి జరిగింది. తొమ్మిదిన్నర అనగానే ఆపమంది.

"అప్పుడే పంపావా?"

"అప్పుడే."

"మా మైదానం ఎక్కడ?"

కోడలు చూపించింది. పొగ అంచుకూ మైదానానికీ మధ్య పిల్ల వేళ్లు ఆనించి కొలిచింది.

"రెండు వేళ్లు నువ్వే ముందున్నావమ్మా" అని, బూట్లు తీసుకెళ్లి వాటి చోట పెట్టింది.