దగ్గరగా వేసిన తలుపు

దుప్పటి అంచులు కలిపి, రెండు మడతలు పెట్టి, ఇస్త్రీపెట్టె బరువుగా తోసింది. ఆ లాండ్రీలో రోజుకు వంద దుప్పట్లు ఆమె చేతి మీదుగానే వెళతాయి. ఎక్కడా ముడత కనబడదు. పన్నెండేళ్ళు జైల్లో చేసిన పని మరి! పనికి వంక పెట్టేవాళ్ళు లేరు, అందరూ నవ్వేదల్లా తలుపుల దగ్గరే. మూసిన తలుపు ఎదురైతే చాలు, పక్కకు జరిగి, చేతులు కట్టుకుని, ఎవరో వచ్చి తీసేదాకా నిలబడిపోతుంది. జైల్లో తలుపులు తీసేవాళ్ళు వేరే ఉండేవారు.

"తలుపేమన్నా కరుస్తుందా అక్కా?" అంది బట్టలుతికే పిల్ల, మోచేత్తో తలుపు నెట్టి.

"నీ నోరు పడిపోను!" అంటూ ఆమె కూడా నవ్వేసింది.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. "అమ్మకి ఈ పూట గడవడం కష్టమేనటక్కా. నిన్నే కలవరిస్తోంది. ఉన్నపళంగా రా."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి బయల్దేరింది. జైలుకెళ్ళిన మొదటి ఏడాది తల్లి నెలనెలా చూడ్డానికి వచ్చేది. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి తిరిగి ఒక్క దెబ్బ కొట్టి ప్రాణం తీసిన కూతురు ఏ మొహం పెట్టుకుని ఎదురొస్తుంది? ఒక్కసారీ కనపడలేదు. ఆ పిచ్చితల్లి గంటల తరబడి కూర్చుని వెళ్ళిపోయేది. చివరికి రావడం మానుకుంది. విడుదలై ఆరు నెలలైనా, రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అంటూ ఈమె వాయిదా వేస్తూ వచ్చింది. ఎంత మూర్ఖత్వం! "తప్పయిపోయిందమ్మా" అన్న ఒక్క మాట ఆవిడ చెవిన పడితే చాలిప్పుడు.

బస్సు దిగి, పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది. తలుపు మూసి ఉంది. పక్కకు జరిగి, చేతులు కట్టుకుని నిలబడింది.

లోపల దగ్గు వినబడింది. అమ్మే! పిలవబోయి ఆగిపోయింది. తనొస్తున్నానని తెలిసీ తమ్ముడు తీయడం లేదంటే, ఆవిడే వద్దందేమో. అననీ. తాను మాత్రం ఎన్నిసార్లు కూర్చోబెట్టలేదు? నిలబడడమే న్యాయం అనుకుంది. కాసేపటికి దగ్గు ఆగింది. నిద్ర పట్టిందిలే అనుకుంది.

తమ్ముడు మందుల సంచీతో ఒగరుస్తూ వీధి మలుపు తిరిగాడు. "ఎంతసేపైందక్కా వచ్చి?"

"ఓ అరగంట."

"గడియ లేదుగా! ఊరికే దగ్గరగా వేసెళ్ళాను. నువ్వొస్తావని అమ్మే గడియ పెట్టొద్దంది."

అతను వేలితో తోస్తే తెరుచుకుంది.

తల్లి మొహం తలుపు వైపే తిరిగి ఉంది. ఊపిరి లేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. "తప్పయిపోయిందమ్మా" అందామె, ఒకసారి కాదు, పదిసార్లు. వినడానికి ఎవరున్నారు గనక!

"నువ్వొస్తే తల దువ్వుతానంది," అంటూ తమ్ముడు భోరుమన్నాడు.

మంచం పక్కన పీట వేసి ఉంది. దాని మీద ఓ పాత కొయ్య దువ్వెన. పళ్ళ సందులు శుభ్రం చేసిన దారం ముక్క ఇంకా దానికే చుట్టుకుని ఉంది.