పదకొండు నెలలకోసారి అదే ప్రశ్న

రొయ్యలు ఒలుస్తున్నాను. పక్కన పీట వేసుకుని కూర్చున్న మా అత్త మగ్దలీనమ్మ, "రేపు ఇంటర్వ్యూ పదకొండింటికి గదా మే, పొద్దున్నే ఆ దుప్పట్లు ఉతికేసి పో" అంది. చిట్టమూరు దగ్గర ఓ ఆసుపత్రిలో నాది కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం. పదకొండు నెలలు నిండగానే ఆపేసి, మళ్ళీ కొత్తదాన్ని పిలిచినట్టు నెల్లూరికి పిలుస్తారు. ఆరేళ్ళుగా నేను కూర్చుంటున్న స్టూలు మీదే కూర్చోవడానికి, "ఈ ఉద్యోగం ఎందుకు కావాలమ్మా?" అని అడుగుతారు.

మొదటిసారి "సేవ చెయ్యాలని" అన్నాను. చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పి చెప్పి అలవాటైన నోరు, ఆ మాటే దొర్లింది. మరుసటిసారి మా ఆయన జయకుమార్ నేర్పించాడు. "ఇంటాయనకి చేదోడుగా ఉండేదానికని చెప్పు, మంచి ఇల్లాలనుకుంటారు." ఆ తర్వాత మా అత్త మాట అప్పజెప్పాను: పిల్లలు బడికి పోతే ఖాళీగా ఉండలేక. ఖాళీగా! నాలుగున్నరకి లేచి, రెండు పూటలకీ వండిపెట్టి, బస్సు వెంట పరిగెత్తే మనిషిని ఆ మాట ఎలా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మిగతా ఏళ్ళంతా ఈ మూడింటినే తిప్పి తిప్పి చెప్పాను.

ఈసారి రెండు పోస్టుల్ని ఒకటి చేశారు. నాతో పనిచేసే అక్రమ్ అనే అబ్బాయో, నేనో, ఒక్కరే మిగులుతాం. ఆ సంగతి చెబితే జయకుమార్, "రాకపోతే పోనీలే మే. ఇంటిపట్టున ఉందువుగాని, అమ్మకి గూడా చేతగావడంలేదు" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో! నాకు మాత్రం భయమేసింది.

ఎందుకంత భయం? రొయ్యలు కడుగుతూ నన్ను నేనే అడిగాను. సేవ పోతుందనా? సూది చూడగానే కెవ్వుమనే పిల్లల మీద నాకంత ప్రేమేమీ లేదు. మరెందుకు? పోయిన వారం రొయ్యల గుంట కాపలా మనిషి చలిజ్వరంతో వచ్చాడు. అతని రక్తం మైక్రోస్కోపు కింద పెట్టి వెతుకుతున్నాను. ఎంతకీ ఏమీ లేదు. వదిలెయ్యబోతుండగా, ఒక కణంలో సన్నటి ఉంగరంలా మలేరియా క్రిమి. "దొరికినావా!" అని పైకే అనేశాను. అన్నం సంగతే మర్చిపోయాను. పాపం అతను వణికిపోతుంటే నాకేమిటీ సంబరం అని సిగ్గేసింది. కానీ సంబరం సంబరమే. ఇన్నేళ్ళలో ఈ పని నీకిష్టమా అని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు, నడుమ కూర్చున్న పెద్ద సారు మామూలు ప్రశ్నే వేశాడు.

"చూడాలని సార్" అన్నాను.

"ఏం చూడాలని?"

"స్లైడులో ఏముందో. పెట్టిందాకా ఎవురికీ తెలీదు గదా సార్. వెతికి పట్టుకోవడం నాకిష్టం."

పక్కనున్నాయన నవ్వాడు. సారు నవ్వలేదు. నా కాగితాల్లోకి చూస్తూ, "ఇష్టం సరేనమ్మా. ఇది రాకపోతే ఇంట్లోవాళ్ళు ఇబ్బంది పడతారా?" అన్నాడు.

పడతారు అంటే చాలు, జాలిపడి నాకే ఇస్తారేమో. నోటి దాకా వచ్చింది.

"సంతోషపడతారు సార్" అన్నాను. "నేను మాత్రం ఇంకో ల్యాబు వెతుక్కుంటా."