తొమ్మిదివందల పన్నెండు గంటలు

నేను ఒక గంటల మీటరును. ట్రాక్టరు ఇంజిను ఎన్ని గంటలు తిరిగిందో లెక్కపెట్టి, స్టీరింగు ముందు అంకెల్లో చూపించడమే నా ఉద్యోగం. పుట్టగానే నన్ను ఒక ఎర్ర ట్రాక్టరుకు బిగించారు. అలా చోడవరం వైపు చెరకు తోలడానికి వచ్చాను.

యజమాని సూర్నారాయణకు అప్పటికే ఒక నీలం ట్రాక్టరు ఉంది. అది వేరే కంపెనీది. మిల్లు ఆడే నాలుగు నెలలూ రెండూ అద్దెకు చెరకు ట్రాలీలు లాగేవి. ఏ కంపెనీది గట్టిదని టీకొట్టు దగ్గర రోజూ తగువే. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! సూర్నారాయణ మాత్రం మాటలు నమ్మనన్నాడు.

"ఏది ముందు పాడవుతాదో మీటరే సెప్తాది. నిలబడ్డ కంపినీదే మూడో బండి కొంతాను."

ఆ మాటకు నేను పొంగిపోయాను.

కొన్నాళ్లకు ఎర్రబండిని అమ్మేయాలని ఆయనకు బుద్ధి పుట్టింది. తక్కువ తిరిగినట్టు కనిపించాలని ఒక ఉదయం తన చేత్తోనే ఇంజిను నుంచి నాకొచ్చే కేబుల్ పీకేశాడు. నేను తొమ్మిదివందల పన్నెండు దగ్గర ఆగిపోయాను. బేరం కుదరలేదు, బండి మాత్రం ఆ సీజనంతా లాగుతూనే ఉంది. పదకొండేళ్లుగా ఆయన దగ్గరే పనిచేస్తున్న డ్రైవరు అప్పలకొండ అంతా చూసి ఊరుకున్నాడు.

ఒకరోజు అతను ఇంజిను ఆయిలు చూశాడు. తారులా ఉంది.

"బాబూ, ఆయిలు మార్చాల. ఇంజిను మూలుగుతంది."

సూర్నారాయణ వంగి నన్ను చూశాడు. "వెయ్యికి కదేటి మార్చాల? ఇంకా ఎనబై ఎనిమిది గంటలున్నాయి!"

నటన కాదు. తను పీకిన సంగతి ఆ మనిషి నిజంగానే మరిచిపోయాడు. నాకు భయం వేసింది.

మూడోనాడు మిల్లు దారిలో, నిండు ట్రాలీతో ఇంజిను పట్టేసి ఆగిపోయింది. జనం మూగారు.

"తొమ్మిదొందల గంటలకే పోనాది! ఎర్రది పనికిరాదు, నీలందే గట్టిది," అంటూ, కబురంది వచ్చిన సూర్నారాయణ నన్ను వేలితో చూపించాడు.

"కేబులు మీరే పీకీసినారు కదా బాబూ..." అప్పలకొండ సీట్లోంచే అన్నాడు.

"బండి సంపీసి తప్పు నా మీదకి తోస్తావా? దిగిపో!"

అందరూ నన్నే చూశారు. నేను తొమ్మిదివందల పన్నెండే చూపించాను. నిజానికి నీలందానిలాగే ఎర్రదీ రెండువేల గంటలు దాటింది. నీలందానికి మీటరు నడిచింది, వేళకు ఆయిలు మారింది. ఆ రెంటికీ ఉన్న తేడా అదొక్కటే. చెప్పడానికి నాకు నోరేది?

మూడో బండీ నీలందే వచ్చింది. ఎర్రదాన్ని విప్పేసి నన్ను మెకానిక్ రేకుడబ్బాలో పడేశారు. కొత్తగా ట్రాక్టరు కొనాలనుకునేవాళ్లు వస్తే మెకానిక్ నన్నే తీసి చూపిస్తాడు. వాళ్లు తలలూపి నీలందే కొనుక్కుంటారు. బండి చంపినవాడన్న పేరు పడ్డాక అప్పలకొండకు ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు.

మొన్న అతను మెకానిక్ షెడ్డుకు వచ్చాడు. నన్ను తీసి ఒళ్లో పెట్టుకుని, బండి తిరిగిన గంటలన్నీ నాకు ఎక్కిద్దామని, కేబుల్ తగిలించే చోట మేకు పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. అరగంట తిప్పాడు. నా అంకె వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నన్ను మళ్లీ డబ్బాలో పెట్టి, తలకు తుండు చుట్టుకుని, చెరకు మోపులు ఎత్తడానికి వెళ్లిపోయాడు.