బీరువా అద్దంలో బాలే

ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో, ఒక గదీ ఓ వంటిల్లూ ఉన్న ఇంట్లో, ఇరవై ఒక్కేళ్ల రూప టీవీకి వీపు పెట్టి టీవీ చూస్తుంది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని వెనకింటి బర్రెల బుచ్చమ్మ అననే అంది. కానీ అందులో ఓ కిటుకుంది. టీవీలో మనకెదురుగా నిలబడ్డ మనిషి కుడికాలు ఎత్తితే, చూసి నేర్చుకునేవాళ్లు ఎడమకాలు ఎత్తుతారు. రూప అలా ఏడాది పొడుగునా నాట్యమంతా ఎడమచేతి వాటంగా నేర్చుకుంది. ఓరోజు బీరువా తలుపు దానంతటదే తెరుచుకుని, దాని అద్దంలో టీవీ బొమ్మ కనబడ్డాక గానీ తప్పు తెలిసిరాలేదు. అప్పట్నుంచి టీవీని వెనక పెట్టుకుని, బీరువా అద్దంలోంచే చూస్తూ నేర్చుకుంటోంది. కాళ్లు ఏడాది నేర్చినదాన్ని మరిపించడానికి ఇంకో ఏడాది పట్టింది.

టీవీలో ఆడే ఆ నాట్యం డిస్కులు తెచ్చింది వాళ్లమ్మ సోనీ. సోనీ సిటీలో ఓ లైబ్రరీ ఊడ్చేది. అందరూ ఫోన్లలోనే చూస్తున్నారని లైబ్రరీవాళ్లు డిస్కులన్నీ బయట పారేస్తుంటే, అట్టల మీద తెల్ల గౌన్ల బొమ్మలు బాగున్నాయని పదకొండు డిస్కులు సంచిలో వేసుకొచ్చింది. అన్నీ బాలేలే. దొరల దేశపు మనుషులు కాలి బొటనవేళ్ల మీద నిలబడి, ఒక్కరూ నోరు విప్పకుండా, మూడు గంటల కథంతా ఒంటితోనే చెబుతారు. వాటిని చూసి తండ్రి సామ్యూల్, "పావురాలను ఎల్లగొట్టనీకి పనికొస్తయ్" అని నాలుగింటిని తాడుకు కట్టి గోడకు వేలాడదీశాడు. పావురాలు వచ్చి వాటి పక్కనే కూచుంటాయి. కరోనా రెండో విడతలో సోనీ పోయింది. మిగిలిన ఏడు డిస్కులూ రూపకు దక్కాయి.

ఆ ఏడింటిలో రెండు ఒకే కథవి, వేరువేరు కంపెనీలు వేసినవి. సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలావాడికి ఓ కూతురుంటుంది. తుఫాను రాత్రి తండ్రి పడిపోతే, ఆ పిల్లే దీపం పట్టుకుని పడవలకు దారి చూపడానికి పరుగెత్తుతుంది. పాత డిస్కులో కెమెరా దూరంగా ఉండి స్టేజీ అంతా చూపిస్తుంది, కానీ ఆ పరుగు దగ్గరికొచ్చేసరికి బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. కొత్త డిస్కు బాగానే ఆడుతుంది. అందులో కెమెరా ఆ పిల్లను వదిలిపెట్టదు. ఆమె ఎంత కదిలినా తెర మధ్యలోనే ఉంటుంది, వెనకంతా చీకటి. మడమలు, వేళ్లు, చూపు, అన్నీ దగ్గర్నుంచి కనబడతాయి. ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో మాత్రం తెలియదు. ఇంట్లో కూచుని చూసేవాళ్లకు అది ఎందుకులే అనుకుని ఉంటారు, తీసిన మహానుభావులు.

రూప ఇంట్లో ఎక్కడికి పోవాలన్నా గది మధ్యలో మంచం అడ్డం. దాని మీద నానమ్మ ఆగమ్మ. మంచం గోడకు జరపడానికి లేదు, ఫ్యాను కొక్కెం గది నడిమధ్యన ఉంది, ఫ్యాను గాలి లేకపోతే ఆగమ్మకు ఊపిరాడదు. అందుకని రూప దీపం పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తి, బీరువా పక్క మూల నుంచి బయల్దేరి, మంచం దగ్గర వంపు తిరిగి, నానమ్మ కాళ్ల వైపు నుంచి చుట్టొచ్చి, వంటింటి గడప దగ్గర ఆగేది. వెయ్యిసార్లు అలాగే చేసింది.

ఆగమ్మకు మతి పోయి మూడేళ్లు. కోడలు సోనీ చనిపోయిందన్న సంగతే మరిచిపోయి మనవరాలిని సోనీ అని పిలుస్తుంది. రెండుసార్లు ఎవరికీ చెప్పకుండా ఇల్లు దాటి రైలు పట్టాల మీదికి పోయింది. సామ్యూల్ పని చేసేది ఆ పట్టాల మీదే. రెండోసారి కన్నతల్లిని పట్టాల మధ్య నుంచి తానే ఎత్తుకొచ్చాడు. ఆ రోజు నుంచి తలుపుకు లోపల తాళం పడింది. ఇంటర్ తర్వాత రూప చదువూ అక్కడికే ఆగింది. నానమ్మను వదిలి గల్లీ చివరి దుకాణానికైనా పోలేదు. ఈ ముసలామె ఎప్పుడు పోతుందా అని ఒక్కోసారి అనుకునేది. అనుకున్నందుకు తనను తానే తిట్టుకుని, ప్రార్థన చేసుకుని, ఆమెకు అన్నం కలిపి ముద్దలు పెట్టేది.

సైదాబాద్‌లో స్రవంతి మేడమ్ అని ఒకావిడ పిల్లలకు బాలే నేర్పుతుంది. చేతికింద పాఠం చెప్పే మనిషి కావాలని, ఆ మనిషికి తానే ఉచితంగా నేర్పి జీతం కూడా ఇస్తానని ఫోన్లో ప్రకటన పెట్టింది. రూప తన పాదాలు మాత్రం కనబడేలా ఓ వీడియో తీసి పంపింది. గదిలో అంతకన్నా దూరం జరిగి తీయడానికి చోటు లేదు మరి. శనివారం పదకొండింటికి రమ్మని కబురొచ్చింది. సామ్యూల్ లీవు పెడతానని మాటిచ్చాడు. ఆ వారమంతా రూపకు ఇల్లు కాస్త పెద్దదైనట్టు అనిపించింది.

శుక్రవారం సాయంత్రం సామ్యూల్ బూట్లు విప్పకుండానే గడపలో కూచున్నాడు.

"లీవు క్యాన్సిల్ చేసిండ్రు బిడ్డా. రేపు పట్టాలు మార్చేదుందట. రాకుంటే మెమో ఇస్తరట."

"మాటిచ్చినవ్ గద డాడీ!"

"ఇచ్చిన. నేనేం జెయ్యాలె? మళ్లొకసారి పోదువులే."

"మళ్లెప్పుడు? నానమ్మ పోయినంకనా?"

అనేసి రూప నోరు నొక్కుకుంది. సామ్యూల్ వంగి బూట్లు విప్పుకోసాగాడు. తిడితే బాగుండేది. మంచం మీంచి ఆగమ్మ, "సోనీ, పొయ్యి మీద పాలున్నయ్, పొంగుతయ్ సూడు" అంది. పొయ్యి మీద ఏమీ లేదు.

పొద్దున సామ్యూల్ డ్యూటీకి పోకముందే రూప బుచ్చమ్మ ఇంటికి పోయి అడిగింది. పేడ చేతులు కడుక్కుంటూ బుచ్చమ్మ నవ్వింది.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, వాళ్లు నిన్ను తీసుకునేదేంది, నువ్వు పోయేదేంది? సరె పో. ఒంటిగంటకు బర్రెలకు నీళ్లు పెట్టాలె. ఆలోపు రాకుంటె మీ నానమ్మ సంగతి నాకు తెల్వదు మల్ల."

తాళంచెవి బుచ్చమ్మకు ఇచ్చి, లోపల తాళం పడిన చప్పుడు విన్నాక గానీ రూప కదల్లేదు. ఆటోలో, "జల్దీ చలో భాయ్" అని మూడుసార్లు అంది. "ఉడ్కే జాఊఁ క్యా అమ్మా?" అని, ఎగిరి పొమ్మంటావా అన్నట్టు విసుక్కున్నాడు ఆటోవాలా. ఐ.ఎస్. సదన్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగినంతసేపూ నానమ్మ లేచిందేమో, బుచ్చమ్మ కునికిందేమో అని ఫోన్లో టైము చూసుకుంటూనే ఉంది.

హాలు ఓ మూతబడ్డ ఫంక్షన్‌హాలు పైఅంతస్తు. చెక్క పరిచిన నేల. ఈ గోడ నుంచి ఆ గోడకు పిలవాలంటే కేకెయ్యాలి. అంత ఖాళీ చోటు ఒక్కసారిగా చూసి రూపకు సంతోషం బదులు భయం వేసింది.

స్రవంతి మేడమ్ నలభై ఏళ్ల సన్నటి మనిషి. మొదట నిలబెట్టి కాళ్లూ చేతులూ చూసింది, తల ఊపింది. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే, "డిస్కులల్ల మేడమ్" అంది రూప. మేడమ్ నవ్వి, వీడియోలో పంపిన దీపం పిల్ల నాట్యం చెయ్యమంది.

రూప మూల నుంచి బయల్దేరింది. ఇంట్లో ఎన్నడూ వెయ్యలేనంత బారుగా పడుతున్నాయి అడుగులు. హాలు మధ్యకొచ్చేసరికి వంపు తిరిగింది. చుట్టొచ్చి అవతలి మూలకు పోయి ఆగింది.

"మళ్లీ చెయ్యమ్మా. ఇది ఈ మూల నుంచి ఆ మూలకు తాడు లాగినట్టు నేరుగా పోవాలి. దాంట్లో ఉన్నదే అది."

మళ్లీ చేసింది. మళ్లీ వంపు తిరిగింది. నేరుగా పోవాలని మనసులో అనుకుంటూనే ఉంది, కాళ్లు వినలేదు. మూడోసారీ అంతే. మేడమ్ లేచి వచ్చి, ఆ వంపు చుట్టూ నడిచి, మధ్యలో ఖాళీ నేలను చూసింది.

"ఇక్కడేముంది? దేన్ని తప్పించుకుంటున్నావు?"

రూపకు చెప్పక తప్పలేదు. "మంచం మేడమ్. మా నానమ్మ పండుకుంటది."

మేడమ్ మెల్లగా అంది. "నాకు పాతికమంది పిల్లలున్నారమ్మా. నువ్వు నేర్పితే వాళ్లు నీలాగే నేర్చుకుంటారు. పాతికమందీ మీ నానమ్మను చుట్టి పోతారు. ఇక్కడ మంచం లేదు. ఇంకొక్కసారి చూస్తాను."

రూప మూలలో నిలబడింది. ఒంటిగంటకు బర్రెల నీళ్లు. తాళం. ఇప్పుడు దాటకపోతే ఇక జన్మలో దాటనని తెలిసింది. చెయ్యి ఎత్తి బయల్దేరింది. మధ్యకొచ్చింది. తిరగలేదు. కుడికాలు నానమ్మ పొట్ట ఉండే చోట పడింది, ఎడమకాలు రొమ్ము మీద. కాలికింద ఎముకలు తగిలినట్టే అనిపించింది. ఆగకుండా అవతలి మూలకు చేరింది.

"మళ్లీ" అంది మేడమ్.

రెండోసారి అంత కష్టం కాలేదు. మూడోసారి మంచం అసలు గుర్తే రాలేదు. గుర్తు రాలేదన్న సంగతి ఆగి నిలబడ్డాక తెలిసి రూపకు ఏడుపొచ్చింది.

"సోమవారం నుంచి రా. ఆదివారం తప్ప రోజూ పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా."

"వస్త మేడమ్" అంది. నానమ్మ దగ్గర ఎవరుంటారన్నది మెట్లు దిగాక తట్టింది.

ఇంటికి చేరేసరికి ఒంటిగంటకు ఐదు నిమిషాలు. బుచ్చమ్మ తలుపు తీసి, "ఏమైంది, తీసుకున్నరా?" అని అడిగి, జవాబు వినకుండానే తాళంచెవి చేతిలో పెట్టి బర్రెల దగ్గరికి పరుగెత్తింది. రూప లోపల తాళం వేసి మంచం దగ్గర నేల మీద కూలబడింది. నానమ్మ పాదాలు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆగమ్మ కళ్లు తెరిచింది.

"ఏందే సోనీ, ఏమైందే?"

"నిన్ను తొక్కిన నానమ్మా" అంది రూప. "మూడుసార్లు తొక్కిన."

ఆగమ్మ తన పొట్ట తడుముకుని చూసుకుంది.

"నాకేం నొయ్యలేదు బిడ్డా" అని మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. సోమవారానికి మధ్యలో ఇంకొక్క రోజే ఉంది.