ఆవిరి పడవలో రెండు గొంతులు

ఇంకొకరి పనిని నాదని చెప్పుకుంటే ఏం పోతుందిలే అని నవ్వుతున్నావే, ఆ నవ్వు కాస్త ఆపి విను.

చెరువు పక్క వీధిలో ఒక అన్నా చెల్లెలూ ఉండేవాళ్ళు. అన్న కార్ఖానాలో లేతు యంత్రం మీద పనిచేసేవాడు. చెల్లెలు రోజూ వంట ముగించి, వంటింటి కిటికీ దగ్గర కూర్చుని మూరెడు ఆవిరి పడవ కట్టేది. రాగిరేకు వంచి బాయిలరు చేసింది. అతుకులన్నీ వెండి టంకంతో వేసింది. గింజంత ఇత్తడి మరల్ని ఆకురాయితో ఒక్కొక్కటే అరగదీసింది. మూడేళ్ళు పట్టింది.

ఆ ఊళ్ళో చేత్తో చేసిన వస్తువులోంచి ఆవిరి వస్తే చేసినవాళ్ళ గొంతే పలుకుతుంది. చేసేటప్పుడు ఏ మాట ఎక్కువసార్లు అన్నారో ఆ మాటే అంటుంది. రేకుల పనివాడి కెటిళ్ళు పొద్దున్నే అతని పెళ్ళాన్ని సాధించేవి. ఆవిడ ఊరుకోక వాటినే తిరిగి తిట్టేది.

చేతిపనుల బడిలో మాస్టరు ఉద్యోగం ఖాళీ అయింది. సొంతంగా ఆవిరి పడవ చేసి, చెరువులో పెట్టే పోటీలో నడిపినవాళ్ళకే ఇస్తామన్నారు. అది వస్తే చెల్లెలు తన కాళ్ళ మీద తను నిలబడేది. అన్న వెళ్ళి పడవను తన పేరున రాయించి వచ్చాడు. ఆడపిల్ల బాయిలరు చేసిందంటే ఎవరు నమ్ముతారన్నాడు. పెంచినవాడు కదా అని ఆమె నోరు మూసుకుంది.

గొంతు సంగతి అతను మరిచిపోలేదు. బాయిలరు మీద ఆమె పెట్టిన ఆవిరి ఈల పీకేసి, ఒక్క పూటలో తనే ఒక ఈల చేశాడు. అరగదీస్తున్నంతసేపూ పెద్దల ముందు చెప్పాల్సిన మాట వల్లె వేశాడు. తొందరలో సీసం టంకంతో అతికించేశాడు.

పోటీనాడు, "ఈ పడవ నేనే చేశాను" అని ఈల అన్న గొంతుతో మోగింది. బడి తరఫున వచ్చిన ముసలి బాయిలరు మేస్త్రీ తలూపి, పుస్తకంలో రాయబోయాడు. ఇంకా గట్టిగా వినిపించాలని అన్న మంట పెంచాడు. ఒత్తిడి మించితే లేచే చిన్న మూత ఒకటి చెల్లెలు చేసి పెట్టిందని, అదీ ఆవిరే వదులుతుందని, ఇరవై ఏళ్ళు లేతు ముందు నిలబడ్డ మనిషికి తట్టలేదు. మూత లేచింది.

"అన్నయ్యా, భోజనం చల్లారిపోతోంది, రా," అంది చెల్లెలి గొంతుతో.

గట్టు మీద ఎవరూ నవ్వలేదు. అన్న గబగబా స్క్రూడ్రైవరు తీసి మూత బిగించాడు.

"బిగించకు అన్నయ్యా. ఆవిరికి దారుండాలి," అంది ఈసారి గట్టు మీంచి చెల్లెలే.

వెండి అతుకు ఒక్కటీ చెక్కుచెదరలేదు. వేడికి సీసం అతుకు కరిగి ఊడి, ఈల ఎగిరి చెరువు మధ్యలో పడింది.

మేస్త్రీ చెల్లెలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, సోమవారం నుంచి రా. ముందు పిల్లలకి అతుకు వేయడం నేర్పు."

పడవ తీసుకుని ఆమె బడి పక్కనే గదిలోకి మారింది. తెల్లవారి చెరువు మీద ఆవిరి లేచినప్పుడల్లా, "ఈ పడవ నేనే చేశాను" అని నీళ్ళ అడుగు నుంచి వినిపిస్తుంది. అన్న కార్ఖానాకి చుట్టుదారిన రెండు మైళ్ళు ఎక్కువ నడుస్తాడు. అక్కడిదాకా వినిపిస్తుంది. ఇంటికొస్తే మాత్రం ఏ గొంతూ పిలవదు. రోజూ చల్లారిన భోజనమే తింటాడు.